కాసులమ్మ నీళ్లు పోసిన గుడ్లు

గవ్వలపేట కాసులమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. పలాస చేపల బజారులో ఆమె కేక వేస్తే రైలు స్టేషన్ దాకా వినబడుతుందని జీడిపప్పు ఫ్యాక్టరీ ఆడవాళ్లు హాస్యమాడేవారు. బేరమాడేవాళ్లని ఏడిపించేది, బేరమాడనివాళ్లని ఇంకా ఏడిపించేది. "ఏటమ్మా, ఇయ్యాల నోరెత్తవేటి, ఒంట్లో బాగునేదేటి" అనేది. ఇంత నోరున్న మనిషి పది రోజులపాటు ఒకే ఒక్క మాట కడుపులో దాచుకుని తిరిగిందంటే ఊళ్లో ఇప్పటికీ కొందరు నమ్మరు. ఆ పది రోజులూ, వాటి వెనక వచ్చిన ఒక్క ఉదయమూ తలుచుకుంటే చెప్పేవాడికి కూడా కాలు నిలవదు.

ఆమె పుట్టింది సంతబొమ్మాళి వైపు ఒక చేపల పేటలో. అక్కడంతా ఉప్పునేల, చెట్టన్నది కనబడదు. పదహారో ఏట బంగారయ్యని చేసుకుని ఉద్దానం వచ్చేసరికి ఆ పచ్చదనానికి ఆమెకి మతిపోయింది. కొబ్బరి, జీడిమామిడి, పనస. ఇంటి వెనక ఇసుకలో కాస్త లోతు తవ్వితే తియ్యటి నీళ్లు. కాపురానికి వచ్చిన మూడో రోజున అత్తగారు చేతికి బిందె ఇచ్చి పెరట్లో అయిదు కొబ్బరి మొక్కలు చూపించింది. ఆ ఇళ్లల్లో అదొక పద్ధతి. కొత్త కోడలు రోజూ సాయంత్రం మొక్కలకి నీళ్లు పోయాలి. మొక్క బతికితే కోడలి చెయ్యి మంచిదని ఊరంతా అంటుంది, చస్తే పైకి ఎవరూ ఏమీ అనరు గాని లోపల అనుకుంటారు. కాసులమ్మ పోసిన అయిదూ బతికాయి. పాతికేళ్ల తరవాత కూడా ఆ సంగతి అడగనివాళ్లని ఆపి మరీ చెప్పేది.

బంగారయ్య మాటలు తక్కువ మనిషి. ఇద్దరి వంతూ ఆమే మాట్లాడేది కాబట్టి ఆ సంసారానికి లోటేమీ రాలేదు. అతని పనంతా కళ్లతోనే. గవ్వలపేటలో ఒడ్డు నుంచి లాగే అలివి వల ఉంది. దిబ్బ మీద నిలబడి, నీటి రంగు చూసి చేపల మంద ఎక్కడుందో పసిగట్టి, తువ్వాలు ఊపి పడవకి దారి చూపించేవాడు బంగారయ్య. పడవ మందని చుట్టి వల దింపుకుంటూ వస్తుంది. రెండు తాళ్ల కొసలు ఒడ్డుకి చేరతాయి. ఊరంతా రెండు వరసలుగా నిలబడి లాగుతుంది. ఆడా మగా తేడా లేదు, తాడు పట్టిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఉంది.

ఆ వలలో అప్పుడప్పుడు తాబేలు పడేది. పడితే దాని వీపుకి పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి నీళ్లలోకి తోసేవాళ్లు. శ్రీకూర్మంలో కొలువున్న దేవుడి రూపం కదా, తప్పు చెయ్యకూడదు. కాని అదే తాబేలు ఒడ్డుకి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతే వాటిని కుక్కలు తవ్వుకు తింటున్నా ఎవరికీ ఏమీ అనిపించేది కాదు. దేవుడికి దణ్ణం పెట్టాం, దేవుడి పిల్లల సంగతి దేవుడే చూసుకుంటాడని వాళ్ల లెక్క.

తొంభైతొమ్మిది చలికాలంలో తాబేళ్లు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఒకటీ రెండూ కాదు. ఊరి నుంచి గెడ్డ వాగు సముద్రంలో కలిసే చోటు దాకా నడుస్తూ కాసులమ్మ నలభైమూడు లెక్కపెట్టి, ఆపైన లెక్కపెట్టలేక మానేసింది. అప్పుడే ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటున్న బక్కపలచని మనిషి కనిపించాడు. ఆయనే భానుమూర్తి. టెక్కలిలో ఒక ఆఫీసులో గుమాస్తా, పూజారుల ఇంటి బిడ్డ, చేప వాసనకి కళ్లు తిరిగే మనిషి.

"ఇవన్నీ ఎలా చనిపోయాయమ్మా?" అని అడిగాడు.

"మమ్మల్నడుగుతావేటి బాబూ. ఆ లోతున తిరిగే మర పడవలోల్నడుగు. ఆల వలల్లో పడి ఊపిరాడక సచ్చిపోనాయి. ఇంతకీ నువ్వెవలు, గవర్మెంటోడివా?"

కాదన్నాడు. టెక్కలి దగ్గర చెట్ల మీద వలస పక్షులు దిగుతాయి కదా, వాటి గూళ్ల నుంచి పడిపోయిన పిల్లల్ని సాకడానికి, చెట్లు కొట్టకుండా కాపలా కాయడానికి తామొక సంఘం పెట్టుకున్నామనీ, ఇప్పుడు తాబేళ్ల సంగతి కూడా చూద్దామని వచ్చాననీ చెప్పాడు.

"జీతమెంతిత్తారేటి?"

"జీతం లేదమ్మా. ఆదివారాలు సెలవు కదా, వస్తాం."

కాసులమ్మ ఆయన్ని పైనుంచి కింది దాకా చూసింది. సెలవునాడు ఇంట్లో కాలు మీద కాలేసుకుని కూర్చోక, జీతం లేకుండా, ఎవడో చంపిన తాబేళ్ల కంపు పీల్చడానికి టెక్కలి నుంచి బస్సెక్కి వచ్చిన మనిషి. ఇలాంటివాణ్ని ఆమె జన్మలో చూడలేదు. ముందు నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది. తన గుమ్మం ముందు పడి ఉన్నవాటిని తను లెక్కపెట్టి ఊరుకుంది.

"గుడ్లెక్కడుంతాయో నాను సూపిత్తాను రా" అంది.

అలా సంఘంలో చేరింది. గవ్వలపేట నుంచి చేరినది ఆమె ఒక్కతే. తెల్లవారుజామున కుక్కల కన్నా ముందు లేచి ఒడ్డంట నడిచేది. తాబేలు పాకిన జాడ చూసి అది గుడ్లు పెట్టి వెళ్లిందో, పెట్టకుండా తిరిగిపోయిందో చెప్పేది. భానుమూర్తి పుస్తకాల్లో చదివిన సంగతులు చెబితే, ఆమె కాలితో ఇసుక తన్ని చూపించేది. గుడ్లని తిరగెయ్యకూడదు, ఎలా ఉన్నవాటిని అలాగే ఇసుకతో సహా బకెట్లో పెట్టి తేవాలి, మోచేతి లోతు గొయ్యి తీసి పెట్టాలి, పిల్లలు పుట్టాక చేత్తో ముట్టకూడదు, ఇసుక మీద వాటంతటవే నడిచి సముద్రంలోకి పోవాలి, అప్పుడే పెద్దయ్యాక ఆ ఒడ్డు గుర్తుపట్టి మళ్లీ వస్తాయి. ఇలా ఆయన చెప్పిన పది నియమాలూ ఆమెకి కంఠతా వచ్చు. పదకొండోది ఒకటి చెప్పాలని పాపం ఆయనకి తోచలేదు.

మొదటి నాలుగేళ్లూ గుడ్లు పాతిన కంచె ఊరికి దూరంగా గెడ్డ దగ్గర వేశారు. ఒక ఏడు నక్కలు తవ్వేశాయి, ఒక ఏడు గెడ్డ పొంగి మొత్తం ఊడ్చుకుపోయింది. రెండువేల నాలుగులో కాసులమ్మ పట్టుబట్టింది. కంచె ఊరి ముందరే వెయ్యాలి, తన కంటికి ఎదురుగా ఉండాలి. కాని ఊరి ముందున్న ఇసుక వల లాగే నేల. ఆ నేల మీద మాట వల పెద్ద పోలారావుది.

"అక్కడ కంచేత్తే వలెక్కడ లాగుతామే" అన్నాడు పోలారావు. ఆయన కోపంగా మాట్లాడడు. కోపంగా మాట్లాడితే బతిమాలుకోవచ్చు, ఈయనతో ఆ వీలు లేదు.

అప్పుడు కాసులమ్మ ఊరందరి ఎదుట మాటిచ్చింది. "ఉగాది దాకా ఇవ్వు పెద్దయ్యా. ఉగాదిలోపు పిల్లలన్నీ సంద్రంలో ఉంతాయి. పండగ మర్నాటినుంచి నేల మీది. మీ వలకి ఒక్క పూట అడ్డొచ్చినా నన్నడుగు. గంగమ్మ మీదొట్టు."

గంగమ్మ మీద ఒట్టంటే ఆ ఊళ్లో ఆడుకునే మాట కాదు. ఊరు ఒప్పుకుంది. రెండు నెలలు ఉత్తరపు వైపు రాళ్లున్న చోట వల లాగారు. అక్కడ వల చిరిగేది, చేతులు తెగేవి, చేప తక్కువ పడేది. అయినా ఎవరూ మాట తప్పలేదు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. పట్నంలో కోట్లు వేసుకుని ప్రకృతి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లలో ఇంతపాటి త్యాగం చేసినవాణ్ని నాకొక్కణ్ని చూపించండి.

ఒక్క వారంలోనే పదకొండు గోతుల నిండా గుడ్లు చేరాయి. వెయ్యికి పైనే. కాసులమ్మ ఆనందం పట్టలేకపోయింది. పలాసలో చేపలు అమ్ముతూ అమ్ముతూ తాబేళ్ల కబుర్లు చెప్పేది, చేప కొనడానికి వచ్చినవాళ్లు కంచె చూడ్డానికి ఎప్పుడు రావాలని అడిగేవారు. మాఘం వెళ్లేసరికి ఎండలు ముదిరాయి. ఇసుక మీద కాలు పెడితే కాలుతోంది. కాసులమ్మకి జాలేసింది. ఆ పసిగుడ్లు ఆ పెనం మీద ఎలా బతుకుతాయి. అంతే, సాయంత్రం పూట నూతి నీళ్లు తెచ్చి గోతికి రెండేసి బిందెలు పోయడం మొదలుపెట్టింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికేముంది, ఉద్దానం ఆడది దేన్నైనా బతికించాలంటే నీళ్లు పోస్తుంది.

ఉగాది వచ్చింది. ఇసుక కదల్లేదు. ఆమె వదిన, బంగారయ్య అక్క పోలమ్మ, పచ్చడి గిన్నె పట్టుకుని కంచె దగ్గరకే వచ్చింది. "ఏటే కాసులూ, మీ తాబేళ్లు పచ్చడి నాకితే గాని బయల్దేరవేటి" అని నలుగురిలో నవ్వించి పోయింది.

ఆ మధ్యాహ్నం భానుమూర్తి పండగ భోజనం మాని వచ్చాడు. నోటుపుస్తకం తిరగేసి తిరగేసి లెక్క చూశాడు. ఈపాటికి పిల్లలు వచ్చి తీరాలి. గొయ్యి పక్కన వేళ్లతో ఇసుక తోడి చూశాడు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకి తడి తగిలింది.

"వాన పడిందామ్మా?"

"వానెక్కడిది బాబూ. నానే, రోజూ సాయంత్రం గోతికి రెండు బిందెలు. ఒక్క రోజు మాన్నేదు" అంది కాసులమ్మ గర్వంగా.

భానుమూర్తి ఇసుకలో చతికిలబడ్డాడు.

"గుడ్లకి ఆ వేడే తల్లమ్మా" అన్నాడు. "ఇసుక చల్లబడితే లోపల పిల్ల ఎదగదు. మరీ తడిసిందంటే కుళ్లిపోతుంది. తప్పు నాది. గుడ్లకి నీళ్లు పొయ్యకూడదని ఎవరికైనా చెప్పాల్సి వస్తుందని నాకు తోచలేదు."

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఇంకో వారం పది రోజులు చూద్దాం, అప్పటికీ రాకపోతే తవ్వి చూసి, చెడిపోయినవి దూరంగా పాతిపెడదాం అని చెప్పి బస్సెక్కాడు.

ఇదీ ఆమె దాచుకున్న మాట. నా చేత్తో నేనే చంపాను. మొగుడికి కూడా చెప్పలేదు. పండగ మర్నాడు పోలారావు మనుషులు వచ్చి, వల లాగేవాళ్ల కాళ్లకి అడ్డమని కంచెకి సముద్రం వైపున్న కర్రలు పీకేశారు. ఆమె నోరెత్తలేదు, తనూ ఒక చెయ్యి వేసింది. మాట మాటే. నీళ్లు పొయ్యడం మానేసింది. పొద్దున్నే ఇసుక మీద చెవి పెట్టి వినేది, ఏమీ వినబడేది కాదు. పలాస బజారులో ఆమె కేక తగ్గిందని ఫ్యాక్టరీ ఆడవాళ్లు కూడా గమనించారు. అన్నం సయించేది కాదు. అయిదు కొబ్బరి మొక్కల్ని బతికించిన చెయ్యి వెయ్యి ప్రాణాలు తీసిందని ఆమెకి లోపల ఒకటే రంపపు కోత.

పదో రోజు ఆదివారం. ఆకాశం నిండా మబ్బు, ఎండ లేదు. మొదటి బస్సుకి భానుమూర్తి వచ్చాడు. చేతిలో గోతులు తవ్వడానికి చిన్న పార ఉంది. ఆ పార చూసి కాసులమ్మ తల తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే దిబ్బ మీద బంగారయ్య తువ్వాలు లేచింది. ఆ ఏటికి మొదటి పెద్ద మంద, కవ్వళ్ల చేపలు. నీళ్లు నల్లగా మారి ఉడుకుతున్నాయి. ఊరు ఊరంతా పరుగెత్తింది.

"వల లాగీసి వత్తాను బాబూ. నాను లేకుండా తవ్వకు" అని చెప్పి కాసులమ్మ కూడా వెళ్లి తాడు పట్టింది.

తువ్వాలు ఎడమకి ఊగింది, పడవ ఎడమకి మళ్లింది. తువ్వాలు గిరగిరా తిరిగింది, వల దిగింది. మంద మొత్తం చుట్టులో పడింది. ఇలాంటి పట్టు చూసి మూడేళ్లయింది. రెండు తాళ్లూ ఒడ్డుకి వచ్చాయి, రెండు వరసలూ బిగిశాయి, హైలెస్సా మొదలైంది. ఒక తాడు కంచెకి ఇటు, ఒక తాడు అటు, మధ్యలో వల కడుపు సముద్రంలో. ఒళ్లు తెలియని ఉత్సాహంలో ఉంది ఊరు. పోలమ్మ అయితే పాట కూడా ఎత్తుకుంది.

కాసులమ్మ తాడు లాగుతూనే కంచె పైన కాకులు తిరగడం చూసింది. ఒకటి కాదు, ఎనిమిదీ పదీ. కుళ్లిన వాసన పట్టాయనుకుని కళ్లు మూసుకుంది. మళ్లీ తెరిచి చూస్తే భానుమూర్తి పార పారేసి, గంతులేస్తూ రెండు చేతులూ ఊపుతున్నాడు. ఆ మనిషి గంతులెయ్యడం ఆమె ఎన్నడూ చూడలేదు.

తాడు వదిలేసి పరుగెత్తింది.

మూడో గోతిలో ఇసుక కుంగుతోంది. దాని నడుమ నల్లగా, చింతగింజంత తల ఒకటి. తరవాత రెక్కలాంటి కాలొకటి. తరవాత ఇంకో తల, నాలుగు, పది, ఇక ఇసుక మొత్తం ఎసరులా మరిగింది. ఒకదాని మీద ఒకటి ఎక్కి, బోర్లాపడి, లేచి, ఎవరో పిలిచినట్టు అన్నీ సముద్రం వైపే. ఏడో గొయ్యి కుంగింది. పక్కనే ఎనిమిది. కాసులమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బతికాయి. తను చంపలేదు, బతికాయి. ఆ చల్లదనానికి ఆలస్యమయ్యాయి, అంతే.

ఆ సంతోషం ఎన్నో క్షణాలు నిలవలేదు. భానుమూర్తి ఆమె భుజం పట్టుకుని సముద్రం వైపు చూపించాడు. కంచెకి అటువైపు కర్రల్లేవు. పిల్లలు తిన్నగా రెండు తాళ్ల మధ్యకి పోతున్నాయి, నీళ్లలో దిగితే తిన్నగా వల కడుపులోకి. బస్తాల కొద్దీ కవ్వళ్ల బరువు కింద ఒక్కటి మిగలదు.

"తాడు ఆపమని చెప్పమ్మా" అన్నాడు.

ఆమె పోలారావు దగ్గరికి పరుగెత్తింది. ఆయన అప్పటికే చూశాడు.

"నువ్వన్నదేటి? ఉగాది దాకా అన్నావు. ఉగాదెల్లి పది రోజులయ్యింది" అన్నాడు ఆయన తాడు వదలకుండానే.

"నాదే తప్పు పెద్దయ్యా." అప్పటికి బయటపడింది ఆ మాట, ఊరందరూ వింటుండగా. "గుడ్లకి నీళ్లు పోసీసినాను. కొబ్బరి మొక్కలకి పోసినట్టు రోజూ పోసీసినాను. అందుకే ఇన్నాళ్లు పట్టింది. ఎవలికీ సెప్పనేదు, సిగ్గేసింది."

ఎవరో ఫక్కున నవ్వారు. నవ్విన మనిషి తనే ఆపేసుకున్నాడు.

"వల ఆపమని అడగను" అంది. "మాటిచ్చినాను, మీ పట్టు మీరు లాగండి. ఆ పిల్లల్ని నానే ఎత్తి తాడు దాటించుకుంతాను."

అక్కడ ఒక కట్టుబాటుంది. వల సంచి ఒడ్డు తాకేలోపు తాడు వదిలినవాళ్లకి ఆ పట్టులో వాటా లేదు. తండ్రైనా, తల్లైనా. కాసులమ్మకి అది తెలుసు. తన చేపల గంప బోర్లించి దులిపి, మోకాళ్ల మీద పడి రెండు చేతులతో పిల్లల్ని గంపలోకి తోడింది. ముట్టకూడదని నాలుగేళ్లు పాఠం చెప్పిన భానుమూర్తే "ఎత్తండి, ఎత్తండి, అవతల ఇసుక మీద వదిలితే అక్కణ్నించి నడుస్తాయి" అని కేకలు పెట్టాడు. గంప ఎత్తుకుని దక్షిణపు తాడు దాటి నూరడుగులు పరుగెత్తి, ఇసుక మీద వదిలి, మళ్లీ పరుగెత్తుకొచ్చింది. వచ్చేసరికి కాకులు మూడింటిని ఎత్తుకుపోయాయి. ఇంకో గొయ్యి కుంగింది. ముందు వరస పిల్లలు నీటి అంచుకి పది అడుగుల్లో ఉన్నాయి. ఇద్దరు మనుషులు, ఒక గంప. ఎంత పరుగెత్తినా అయ్యే పని కాదు, ఆమెకి అర్థమైపోయింది. అయినా పరుగెత్తింది.

రెండో గంప దింపి వెనక్కి తిరిగేసరికి పోలమ్మ తాడు వదిలేసి వస్తోంది. వస్తూ వస్తూ తిడుతోంది.

"ఇంత పట్టు మూడేళ్లకొకసారి పడద్ది. నీ మూలంగా నా వాటా పోనాది. నీళ్లు పోసిందట నీళ్లు. ఇలాటి తెలివి ఎక్కడైనా ఉంతాదేటే." తిడుతూనే చీర కుచ్చెళ్లు దోపి, ఒడి పట్టి, ఒడి నిండా తాబేలు పిల్లల్ని పోసుకుని పరుగు తీసింది.

ఆ తరవాత ఎవరు ఎప్పుడు వదిలారో ఎవరికీ తెలియదు. రెండు వరసల్లోంచీ ఆడవాళ్లు వచ్చేశారు. గంపలు, బిందెలు, ఒళ్లు, చేతులు. అరుపులు, నవ్వులు, "తొక్కీగలవు, కిందికి సూడు", "అటు కాకే, కాకి", "ఒసే ఇది నన్ను గోకుతంది". కంచెకీ తాడుకీ మధ్య పద్నాలుగు మంది ఆడవాళ్లు పరుగులే పరుగులు. ఇటు తాడు సడలింది. మగవాళ్లు అరిచారు. వల అడుగు లేచి కవ్వళ్లు కిందినుంచి వెండి తాడులా జారిపోవడం అందరికీ కనిపించింది. దిబ్బ మీద బంగారయ్య కూడా చూశాడు. సంచి ఒడ్డుకి వచ్చేదాకా దిబ్బ దిగకూడదు, అది అతని వంతు కట్టుబాటు. దిగాడు. పరుగెత్తుకొచ్చి పెళ్లాం వదిలిన చోట తాడు పట్టాడు. అతని వెనక, పోలమ్మ వదిలిన చోట, ప్యాంటు మడిచిన భానుమూర్తి. చేప వాసనకి కళ్లు తిరిగే ఆ మనిషి చేపల వల తాడు పట్టుకుని, తాళం తప్పుతూ హైలెస్సా అంటూ, అరచేతులు ఒలిచిపోతున్నా వదలకుండా లాగాడు.

సంచి ఒడ్డు తాకింది. పడ్డ మందలో సగం కూడా లేదు. అందులో తాబేలు పిల్లలు మాత్రం రెండే దొరికాయి, రెండూ కొట్టుకుంటున్నాయి. పోలమ్మ వాటిని తీసుకెళ్లి వదిలి వచ్చింది. మిగిలినవన్నీ దక్షిణం వైపు ఇసుక మీద తమంతట తాము నడిచి, ఒక్కొక్క అలకీ కొన్ని చొప్పున, కనబడకుండా పోయాయి. చివరిది మునిగేదాకా ఆడవాళ్లెవరూ కదల్లేదు. ఆ రోజు నాలుగు గోతులు తెరుచుకున్నాయి, తరవాతి రెండు రోజుల్లో ఇంకో నాలుగు. మూడు గోతుల్లో గుడ్లు నిజంగానే కుళ్లిపోయాయి. ఆ మూడింటి సంగతి కాసులమ్మ ఇప్పటికీ దాచదు.

పోలారావు చేపలు కుప్పలు పెట్టించాడు. పద్నాలుగు మంది ఆడవాళ్లకి కుప్ప లేదు. ఎవరూ అడగలేదు కూడా. తాడు పట్టాడు కాబట్టి భానుమూర్తికి ఒక కుప్ప పెట్టారు. ఆయన బెదిరిపోయి వద్దన్నాడు. వద్దనకూడదు, గంగమ్మ ఇచ్చిన వాటా, కాలదన్నితే అపచారమని నలుగురూ చెప్పారు. చేసేది లేక దూరం నుంచే దణ్ణం పెట్టి, ఆ పద్నాలుగు మందికీ పంచమన్నాడు. మనిషికి నాలుగేసి చేపలు వచ్చాయి. ఊరు పగలబడి నవ్వింది.

కాసులమ్మ నవ్వలేదు. పోలారావు ఎదుటికి వచ్చి నిలబడింది. ఒంటి నిండా ఇసుక.

"ఒట్టు తప్పినాను పెద్దయ్యా. నా మూలంగా ఊరికి సగం పట్టు పోనాది. ఇంక కంచె మాటెత్తను. వచ్చే ఏడు అడగను" అంది.

భానుమూర్తి రెండడుగులు వెనక్కి జరిగాడు. అది ఆ ఊరి మాట.

బదులిచ్చింది పోలమ్మ. "నువ్వెవలే మాటెత్తనని సెప్పడానికి? ఇందాక నా ఒళ్లో ఎన్ని ఉన్నాయో తెలుసునా నీకు? వాటా పోగొట్టుకున్నది నాను. అది ఊరకే పోవాలేటి? ఓ బాబూ, నీ పుస్తకంలో నా పేరు కూడా రాయి. వచ్చే ఏడు పొద్దున్నే దీంతోపాటు నానూ ఎల్తాను."

భానుమూర్తి నోటుపుస్తకం తీశాడు. గవ్వలపేట అని రాసి ఉన్న పేజీలో నాలుగేళ్లుగా ఒక్కటే పేరుంది. అరచేతులు ఒలిచిపోయి పెన్ను నిలవడం లేదు. అయినా రాశాడు. పోలమ్మ పేరు కింద ఇంకొకరు చెప్పారు, ఆమె వెనక ఇంకొకరు. పద్నాలుగు పేర్లూ నిండాయి.

పోలారావు అప్పుడు లేచాడు. వల తాడు కట్టే తాటి గుంజ ఒకటి ఆ ఇసుకలో ఆయన తండ్రి కాలంనుంచీ ఉంది. వల నేల ఇక్కడ మొదలని దానికి అర్థం. ఇద్దరు మనుషుల్ని పిలిచి, ఆ గుంజ పీకించి, కంచెకి దూరంగా ఉత్తరం వైపు ఎనభై అడుగులు లెక్కపెట్టి తనే దగ్గరుండి పాతించాడు. పాతాక రెండు చేతులతో ఊపి చూసి, గట్టిగానే ఉందని తల ఆడించి, వల ఆరెయ్యడానికి వెళ్లిపోయాడు. కాసులమ్మ అప్పుడు గట్టిగా ఏడ్చింది, నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు.